ఊరికి దూరంగా ఉన్న చిన్న కాలేజీ మీ పిల్లలకు సరిపడుతుందా? చేరకముందే లెక్క వేసుకోండి

అమెరికాలో చదువు అంటే మన ఇళ్లలో ముందుగా వినపడేవి పెద్ద యూనివర్సిటీల పేర్లు. ఇంటర్ అవగానే అక్కడ నాలుగేళ్ల డిగ్రీలో చేరాలనుకునేవాళ్లు లిబరల్ ఆర్ట్స్ కాలేజీలను, అంటే డిగ్రీ చదువు మీదే దృష్టి పెట్టే చిన్న కాలేజీలను, కూడా చూడాలి. పేరులో ఆర్ట్స్ ఉందని కంగారు వద్దు. ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్, బయాలజీ అన్నీ ఉంటాయి. పీజీ కోర్సులు దాదాపుగా ఉండవు కాబట్టి పాఠం చెప్పేదీ, పేపరు దిద్దేదీ, ల్యాబ్‌లో పక్కన నిలబడేదీ ప్రొఫెసరే. మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) ఏదన్నది సాధారణంగా రెండో ఏడాది చివరిలోగా తేల్చుకుంటే చాలు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో పదిహేడేళ్లకే ఒక బ్రాంచికి కట్టుబడిపోయే పిల్లలను చూసినవాళ్లకు దీని విలువ విడమరిచి చెప్పక్కర్లేదు.

చిక్కల్లా వీటిలో చాలా కాలేజీలు నగరాలకు దూరంగా ఉండడమే. అయోవా రాష్ట్రంలోని గ్రినెల్ కాలేజీనే తీసుకోండి. విద్యార్థులు సుమారు 1,700 మంది. ఊరి జనాభా పది వేలు దాటదు. డెమోయిన్ విమానాశ్రయానికి కారులో గంట, షికాగోకు 450 కిలోమీటర్లు. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. డిసెంబరులో సాయంత్రం అయిదు కాకముందే పొద్దు గుంకుతుంది. ఇలాంటి చోట కొందరు పిల్లలు ఎంతో ఎదుగుతారు, కొందరు మొదటి చలికాలానికే ముడుచుకుపోతారు. ఎవరు ఏ కోవకు చెందుతారో ర్యాంకుల పట్టిక చెప్పదు.

ముందు విద్యార్థి సంగతి

పదిహేను మంది కూర్చునే తరగతిలో వెనక బెంచీ ఉండదు. గ్రినెల్‌లో మేజర్ కోర్సులను పక్కనపెడితే అందరికీ తప్పనిసరి అయినది ఒక్కటే, మొదటి సెమిస్టర్‌లో ఉండే ఫస్ట్ ఇయర్ ట్యుటోరియల్. మిగతావన్నీ సలహాదారు ప్రొఫెసర్‌తో కూర్చుని విద్యార్థే ఎంచుకోవాలి. మసాచుసెట్స్‌లోని విలియమ్స్ కాలేజీ ట్యుటోరియల్స్‌లోనైతే ఒక ప్రొఫెసర్ ఎదుట ఇద్దరే విద్యార్థులు. ఒక వారం ఒకరు వ్యాసం రాసుకొస్తే రెండోవారు దాన్ని విమర్శించాలి, పై వారం పాత్రలు మారతాయి.

కార్పొరేట్ కాలేజీ స్టడీ అవర్స్‌లో రెండేళ్లు గడిపిన పిల్లలకు ఇది కొత్తే, కానీ నేర్చుకోగలరు. మితభాషి కావడం అడ్డు కాదు. తెలియనిది అడగడానికి మనసొప్పకపోవడమే అసలు అడ్డు. ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. సిలబస్‌లో లేని 30 పేజీల ఇంగ్లిష్ వ్యాసం ఏదైనా ఇచ్చి, మర్నాటికి రెండు పేజీలు రాయమనండి. సారాంశం వద్దు, రచయితతో ఎక్కడ ఏకీభవించరో, ఎందుకో రాయాలి. తర్వాత అరగంట కూర్చుని ఎదురు ప్రశ్నలు వేయండి. వరసగా మూడు రోజులు చేయండి. మూడో రోజు వాదనకు తనే సిద్ధమై వస్తే ఈ చదువు సరిపడుతుందని నమ్మవచ్చు. ‘దీనికి మార్కులెన్ని?’ అన్న ప్రశ్న ఒక్కటే వస్తుంటే ఇంకాస్త ఆలోచించండి.

డిపార్ట్‌మెంట్‌ను వేళ్ల మీద లెక్కపెట్టండి

అందరూ వదిలేసే పని ఇదే, అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. కాలేజీ క్యాటలాగ్‌లో 40 కోర్సుల పేర్లు కనిపిస్తాయి. అవన్నీ ఏటా జరుగుతాయని కాదు. కొన్ని ఏడాది విడిచి ఏడాది వస్తాయి, కొన్ని చెప్పే ప్రొఫెసర్ సెలవులో ఉంటే రానే రావు.

ఒక డిపార్ట్‌మెంట్‌లో ఆరుగురు శాశ్వత ప్రొఫెసర్లు ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరు ఏడాదికి అయిదు కోర్సులు చెబితే మొత్తం 30. ఒకరు పరిశోధన సెలవు మీద వెళితే 25. అందులో సగం మొదటి ఏడాది కోర్సులకే పోతాయి. మిగిలిన పన్నెండులో మేజర్‌కు తప్పనిసరి కోర్సుల సెక్షన్లు తీసేస్తే, విద్యార్థి ఇష్టపడి ఎంచుకోదగ్గవి ఆరో ఏడో తేలతాయి. ఇద్దరే ప్రొఫెసర్లున్న చోట ఈ లెక్క ఎక్కడికి వస్తుందో మీరే వేసి చూడండి.

అందుకే క్యాటలాగ్‌ను కాదు, గడిచిన నాలుగు సెమిస్టర్ల టైమ్‌టేబుల్‌ను చూడండి. చాలా కాలేజీలు రిజిస్ట్రార్ పేజీలో పెడతాయి, లేకపోతే అడ్మిషన్స్ వాళ్లను అడిగి తెప్పించుకోండి. మీవాళ్లకు ఆసక్తి ఉన్న సబ్జెక్టులో పైస్థాయి కోర్సులు నిజంగా ఎన్ని జరిగాయో రాసుకోండి. రెండేళ్లలో వేర్వేరు కోర్సులు ఎనిమిదికి తగ్గితే జాగ్రత్తపడాలి. ఇప్పటికే ఒలింపియాడ్ స్థాయి మ్యాథ్స్ చేసినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మూడో ఏడాదికే అక్కడి కోర్సులు అయిపోతే మిగిలేది ప్రొఫెసర్‌తో విడిగా చదవడమో, ఒక సెమిస్టర్ వేరే చోటికి వెళ్లడమో. కంప్యూటర్ సైన్స్‌లో సమస్య తిరగబడుతుంది: కోర్సులు ఉంటాయి, సీట్లు దొరకవు. వెయిట్‌లిస్ట్ ఎంత ఉంటుందో, మేజర్ విద్యార్థులకు ముందు అవకాశం ఇస్తారో లేదో అడగండి.

ఇంజినీరింగే కావాలంటే స్వార్త్‌మోర్, స్మిత్, లాఫయెట్ లాంటి కొన్నింటిలోనే ఆ డిగ్రీ ఉంది. చాలా చోట్ల మూడేళ్లు ఇక్కడ, రెండేళ్లు వేరే యూనివర్సిటీలో చదివే 3-2 పద్ధతి ఉంటుంది. అయిదేళ్ల ఖర్చు పడుతుంది. మొదటి కాలేజీ ఇచ్చిన ఆర్థిక సాయం రెండో చోట అలాగే కొనసాగుతుందన్న హామీ లేదు.

‘ఆ కాలేజీ పేరు ఎవరు విన్నారు?’ అని బంధువులు అడుగుతారు. ఇంటెల్ సహ వ్యవస్థాపకుడు రాబర్ట్ నాయిస్ 1949లో పట్టా తీసుకున్నది గ్రినెల్‌లోనే. అక్కడి ఫిజిక్స్ ప్రొఫెసర్ గ్రాంట్ గేల్ దగ్గరే ఆయనకు ట్రాన్సిస్టర్ పరిచయమైంది. ఒక అధ్యాపకుడికి అంత దగ్గరగా ఉండగలగడమే ఇలాంటి కాలేజీలో మీరు డబ్బు పెట్టి కొనుక్కునేది.

శనివారం రాత్రి తొమ్మిదింటికి

క్యాంపస్ టూర్‌లో ఎండ, పచ్చిక, నవ్వులే కనిపిస్తాయి. వెళ్లి చూసే వీలుంటే ఫిబ్రవరిలో వెళ్లండి. వీలు లేకపోతే విద్యార్థి పత్రికను, గ్రినెల్‌కైతే స్కార్లెట్ అండ్ బ్లాక్‌ను, ఆరు నెలల వెనక్కి వెళ్లి చదవండి. మానసిక ఇబ్బందులకు కౌన్సెలింగ్ అపాయింట్‌మెంట్ ఎన్ని రోజులకు దొరుకుతోంది, భోజనం మీద ఫిర్యాదులేమిటి, గదుల కొరత ఉందా అన్నవి బయటపడేది అక్కడే.

తర్వాత ముగ్గురు విద్యార్థులతో, ఒక్కరైనా మనవాళ్లు ఉండేలా చూసుకుని, విడివిడిగా వీడియోలో మాట్లాడండి. ‘కాలేజీ ఎలా ఉంది?’ అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. పోయిన శనివారం రాత్రి తొమ్మిదింటికి ఎక్కడున్నారో, ఎవరితో ఉన్నారో అడగండి. ఒంట్లో బాగోకపోతే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లారో అడగండి. శాకాహారులైతే నిన్న రాత్రి డైనింగ్ హాల్లో ఏం తిన్నారో వరసగా చెప్పమనండి. పప్పు, కారప్పొడి, చింతపండు కావాలంటే కారున్న స్నేహితుడు కావాలా, కాలేజీ బస్సు నడుపుతుందా? రాత్రి పూట క్యాబ్ దొరుకుతుందనుకోవద్దు.

సెలవుల సంగతి తప్పకుండా రాయించి తెలుసుకోండి. థ్యాంక్స్‌గివింగ్‌కు, చలికాలపు సెలవులకు చాలా చోట్ల డైనింగ్ హాలు మూసేస్తారు, కొన్నిచోట్ల హాస్టల్ కూడా. ప్రతి సెలవుకూ హైదరాబాద్ రాలేరు కదా. గదిలో ఉండనిస్తారా, దానికి వేరే రుసుమా, ఆ రోజుల్లో భోజనం ఎలా, విమానాశ్రయానికి బస్సు ఏ రోజుల్లో వేస్తారు, ఇవన్నీ ఈమెయిల్‌లోనే అడగండి.

డబ్బు, వీసా

చాలా ప్రైవేటు కాలేజీల్లో ఫీజు, గది, భోజనం కలిపి ఇప్పుడు ఏడాదికి 80 వేల డాలర్ల పైమాటే. అయినా సాయం బాగా ఇచ్చే కాలేజీలున్నాయి. ఎంత ఇస్తారో తెలియాలంటే ఆ కాలేజీ పేరుకు కామన్ డేటా సెట్ (కాలేజీలు ఒకే నమూనాలో ఏటా ఇచ్చే గణాంకాలు) అని చేర్చి వెతకండి. అందులో హెచ్-6 దగ్గర విదేశీ విద్యార్థుల్లో ఎంతమందికి సాయం అందింది, సగటున ఎంత అన్నది ఉంటుంది. సాయం పోను ఎంత కట్టాలో అంచనా చెప్పే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్లు అమెరికా కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని చేసినవి, మన లెక్కకు నమ్మకండి. ఆమ్హర్స్ట్, బౌడిన్ లాంటి కొన్ని తప్ప ఎక్కువ కాలేజీలు విదేశీ విద్యార్థి సాయం అడిగాడా లేదా అన్నది చూసే సీటు ఇస్తాయి. అలాగని మొదటి ఏడాది అడగకుండా చేరి తర్వాత అడుగుదామనుకోవద్దు, చాలా చోట్ల కుదరదు. ఎర్లీ డెసిషన్ అంటే సీటు వస్తే చేరి తీరతానని ఒప్పుకోవడం. నాలుగు ఆఫర్లు పోల్చుకోవాల్సిన ఇల్లయితే దాని జోలికి వెళ్లకండి.

వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద మేజర్ పక్కన సీఐపీ కోడ్, అంటే ఆ సబ్జెక్టుకు అమెరికా ప్రభుత్వం పెట్టిన నంబరు, ఉంటుంది. ప్రస్తుత నిబంధన ప్రకారం డిగ్రీ తర్వాత ఓపీటీ (చదివిన సబ్జెక్టులో అక్కడే పని చేసే అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) మేజర్‌కైతే ఇంకో 24 నెలలు. మామూలు ఎకనామిక్స్ కోడ్ 45.0601, అది స్టెమ్ కాదు. క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ 45.0603, అది స్టెమ్. ఒకే సబ్జెక్టు, రెండేళ్ల తేడా! ఆ కాలేజీ ఏ కోడ్ వాడుతోందో చేరకముందే అడగండి. వేసవి ఇంటర్న్‌షిప్‌లకు కాలేజీ ఇచ్చే డబ్బు ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్లకు కూడా ఇస్తారా అన్నదీ అదే ఈమెయిల్‌లో అడగండి. మారుమూల క్యాంపస్‌కు కంపెనీలు పెద్దగా రావు, ఆ లోటు తీర్చేవి పూర్వ విద్యార్థులు, ఈ వేసవి నిధులే.

ఇంకొకటి. చిన్న కాలేజీలు మూతపడుతున్నాయి. వెర్మాంట్‌లో గ్రీన్ మౌంటెన్ 2019లో, మార్ల్‌బొరో 2020లో మూతపడ్డాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని వెల్స్ కాలేజీ 2024 ఏప్రిల్ చివర్లో ప్రకటించి, ఆ సెమిస్టర్‌తోనే తలుపులు మూసింది. వీసా మీద ఉన్న విద్యార్థి అప్పటికప్పుడు బదిలీ వెతుక్కోవాలి. అయిదేళ్ల కామన్ డేటా సెట్‌లు తీసి మొదటి ఏడాది చేరికలు వరసగా పడిపోతున్నాయా చూడండి. గుర్తింపు సంస్థ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ మీద హెచ్చరిక ఉందేమో చూడండి. రెండూ ఉంటే ఎంత స్కాలర్‌షిప్ ఇచ్చినా వదిలేయండి.

ఈ తరహా చదువు నచ్చి, అంత దూరం వద్దనిపిస్తే తిరుపతి జిల్లా శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ ఉంది. వీసా, కామన్ డేటా సెట్ లాంటి అమెరికా సంగతులు తప్ప పై లెక్కలు దానికీ పనికొస్తాయి.

అమెరికా సీట్లు చేతికొచ్చాక మే 1 లోపు జవాబివ్వాలి. డిపాజిట్ కట్టే ముందు విద్యార్థి చేతే, మీరు కాదు, తన సబ్జెక్టు ప్రొఫెసర్ ఒకరికి నాలుగు వాక్యాల ఈమెయిల్ రాయించండి: ఫలానా కోర్సు గత రెండేళ్లలో ఒక్కసారే జరిగినట్టు కనిపిస్తోంది, నా మూడో ఏడాదిలో ఉంటుందా, లేకపోతే దాని బదులు మీ విద్యార్థులు ఏం చేస్తున్నారు? వారం పది రోజులు ఆగండి. వచ్చిన జవాబును పిల్లలతో కలిసి రెండుసార్లు చదవండి.