పర్లాకిమిడి, రాయగడ వైపు బిడ్డకు న్యుమోనియా టీకా వేయించేటప్పుడు

మొత్తం మూడు డోసులు: 6వ వారం, 14వ వారం, 9వ నెల. ఒక్కోటి అర మిల్లీలీటరు, కుడి తొడ కండలోకి. 6వ, 14వ వారాల్లో ఎడమ తొడకు అదే రోజు పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా) పడుతుంది. సర్కారు కేంద్రంలో ఉచితం.

ఎక్కువగా తప్పిపోయేది రెండో డోసు. పురుడు శ్రీకాకుళం వైపు పుట్టింట్లో పోసుకుని, మూడో నెల దాటాక గుణుపురమో పర్లాకిమిడో మెట్టినింటికి బయల్దేరతారు. 14వ వారం సరిగ్గా అప్పుడే వస్తుంది. ఇక్కడ ఒడియా టీకా కార్డు కొత్తగా రాయించినా తెలుగు కార్డు పారేయకండి. రెండూ పట్టుకెళ్లి పీసీవీ (ఈ న్యుమోనియా టీకా పేరు) గడిలో తేదీ చూపించండి. ఆలస్యమైతే మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు, మిగిలినవే వేస్తారు. మొదటి డోసు మాత్రం ఏడాది లోపే పడాలి.

"టీకా వేయించినా రొంప పట్టింది" అని విసుక్కుంటారు. రొంప వైరస్‌ది, ఈ టీకా ఆపేది న్యుమోకోకస్ అనే బ్యాక్టీరియాలో కొన్ని రకాలనే. ఆఫ్రికాలోని గాంబియాలో, ఆ బ్యాక్టీరియాలో 9 రకాలను ఆపే టీకా పరీక్షించినప్పుడు (ఫలితాలు 2005లో వచ్చాయి) ఎక్స్‌రేలో తేలిన న్యుమోనియా 37 శాతం తగ్గింది, లక్షణాలను బట్టి గుర్తించింది 7 శాతమే.

అందుకే ఊపిరి లెక్క మానకూడదు. బిడ్డ ఏడవనప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట లేవడం నిండు నిమిషం లెక్కపెట్టండి. అర నిమిషం చూసి రెట్టింపు చేస్తే తప్పుతుంది. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. అంతకు చేరినా, పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంట పడినా, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.