అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు ఆడిట్ చేయడం ఎలా?

ఏప్రిల్ వచ్చిందంటే చాలా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే రగడ. నెలనెలా కట్టే మెయింటెనెన్స్ ఎటు పోతోందని ఒకరు అడుగుతారు. పైసా తీసుకోకుండా చాకిరీ చేస్తుంటే మమ్మల్నే దొంగల్ని చేస్తారా అని ట్రెజరర్ అలుగుతాడు. ఈ గొడవ తీరాలంటే ఆడిట్ జరగాలి. పుస్తకంలో రాసింది నిజమేనా కాదా అన్నది, ఆ రాతతో సంబంధం లేని మనిషి ఆధారాలు చూసి తేల్చడమే ఆడిట్. దొంగను పట్టుకోవడం దాని మొదటి పని కాదు. నిజాయితీగా పనిచేసిన కమిటీకి అదే పెద్ద అండ. పదవి దిగిన రెండేళ్లకు ఎవరైనా వేలెత్తి చూపితే, ముందు పెట్టడానికి ఓ కాగితం ఉంటుంది.

మీ బైలాలో (అసోసియేషన్ నియమావళిలో) చార్టర్డ్ అకౌంటెంట్‌తో (సీఏతో) ఆడిట్ చేయించాలని ఉంటే అది తప్పదు. ఇక్కడ చెప్పేది దానికి ముందు సభ్యులే కూర్చుని చేసుకోగలిగిన పరిశీలన.

ముందు మనుషుల సంగతి

ఇద్దరు చాలు. కమిటీలో ఉన్నవాళ్లు, వాళ్ల బంధువులు వద్దు. ట్రెజరర్‌తో పార్కింగ్ దగ్గర తగాదా పెట్టుకున్నవాళ్లు అసలే వద్దు. ఎంపిక జనరల్ బాడీ మీటింగులో జరగాలి, మినిట్స్‌లో (మీటింగు నిర్ణయాలు రాసే పుస్తకంలో) ఎక్కాలి. లేకపోతే మొదటి బిల్లు అడగగానే 'మీరెవరు అడగడానికి?' అన్న మాట వస్తుంది.

కాగితాలు ఎవరి చేతుల మీదుగా వచ్చాయి?

క్యాష్ బుక్, వోచర్లు, బిల్లులు, పోయినేడాది సంతకాలైన లెక్క, బకాయిల జాబితా, మినిట్స్ పుస్తకం తీసుకోండి. రసీదు బుక్కులు వాడనివాటితో సహా అన్నీ అడగండి. నంబర్ల వరసలో ఒక బుక్కు మాయమైతే అప్పుడే తెలుస్తుంది.

బ్యాంక్ స్టేట్‌మెంట్ మాత్రం ట్రెజరర్ ఫార్వర్డ్ చేసిన పీడీఎఫ్ పనికిరాదు. సంతకం అధికారం ఉన్నవారితో కలిసి బ్రాంచికి వెళ్లి, మార్చి 31 నాటి నిల్వతో సహా అక్కడే తీసుకోండి. ఇది అనుమానం కాదు, పద్ధతి. హైదరాబాద్‌లోని ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ గుర్తుందిగా? పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజే లేఖ రాసి ఒప్పుకున్నారు. పేరున్న ఆడిట్ సంస్థ ఏళ్ల తరబడి సంతకాలు పెట్టిన లెక్కలవి. నిల్వ ఎంతో బ్యాంకునే నేరుగా అడిగి సరిచూడటం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి అంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

వచ్చిన డబ్బు

చాలామంది నేరుగా ఖర్చుల మీద పడతారు. నా లెక్కలో రాబడే ముందు చూడాలి. ఎందుకంటే ఖర్చుకు కనీసం ఓ బిల్లు ఉంటుంది, పుస్తకంలో ఎక్కని రాబడికి ఏ కాగితమూ ఉండదు. అందుకే ఎంత వచ్చిందో చూసేముందు ఎంత రావాలో మీరే లెక్క కట్టండి. 40 ఫ్లాట్లు, ఫ్లాటుకు నెలకు 2,500 అనుకుందాం. ఏడాదికి 12 లక్షలు రావాలి. ఈ ఏడాది మెయింటెనెన్స్ కింద జమైంది 10 లక్షల 90 వేలు. అంటే బకాయిలు లక్షా పది వేలు ఉండాలి. జాబితాలో 60 వేలే కనిపిస్తే మిగతా 50 వేలకు జవాబు కావాలి. పాత బకాయిలు, అడ్వాన్సులు ఇందులో కలవకుండా విడిగా రాసుకోండి. తర్వాత బాకీ ఉన్నట్టు చూపిన ఫ్లాట్లలో కొందరిని కలిసి, 'మీరు నిజంగానే కట్టలేదా?' అని అడగండి. వాళ్లు రసీదు తీసి చూపించారంటే అసలు కథ అక్కడే మొదలవుతుంది.

ఫంక్షన్ హాలు అద్దె, సెల్ టవర్ అద్దె, పాత సామాను అమ్మిన డబ్బు లాంటి చిల్లర రాబడి కూడా వదలొద్దు.

పోయిన డబ్బు

ప్రతి వోచరూ తిరగేయక్కర్లేదు. పెద్ద మొత్తాలన్నీ, మీకు తోచిన రెండు నెలల బిల్లులు పూర్తిగా చూడండి. ఆ నెలలేవో ముందుగా చెప్పొద్దు. బిల్లు అసోసియేషన్ పేరు మీద ఉందా? మంజూరు చేసిందెవరు? డబ్బు బిల్లు ఇచ్చినవారి ఖాతాకే వెళ్లిందా? కొటేషన్లు తీసుకోవాల్సిన పనిని చిన్న చిన్న బిల్లులుగా విడగొట్టారా?

బిల్లు ఉన్నంత మాత్రాన ఖర్చు నిజమైపోదు. జనరేటర్ డీజిల్‌నే తీసుకోండి. జనరేటర్ మీద అది నడిచిన గంటలు చూపే మీటర్ ఉంటుంది. ఏడాదిలో 48 గంటలు నడిచిందనుకుందాం. గంటకు ఆరు లీటర్లు తాగుతుందని సర్వీసుకొచ్చే మెకానిక్ చెప్పాడు. అంటే 288 లీటర్లు. బిల్లులు 410 లీటర్లకు ఉన్నాయి. ట్యాంకులో ఇప్పుడెంత మిగిలిందో కొలిచి కలపండి. అయినా తేడా ఉంటే రాసుకోండి. నీళ్ల ట్యాంకర్లకైతే గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరే సాక్షి. బిల్లులో ముప్ఫై ట్రిప్పులుండి, రిజిస్టర్‌లో ఇరవై రెండే ఉంటే అడగాల్సిందే. సెక్యూరిటీ ఏజెన్సీ బిల్లును హాజరుతో పోల్చడమూ ఇంతే.

చేతిలో ఉన్న నగదును ఒకరోజు చెప్పకుండా వెళ్లి, ట్రెజరర్ ఎదుటే లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేయండి. కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చుల కోసం దాచిన మూలనిధి) ఎఫ్‌డీ రసీదుల అసళ్లు చూడండి. వాటి మీద లోన్ తీసుకున్నారేమో బ్యాంకులో అడగండి. వడ్డీని ఆదాయపన్ను పోర్టల్‌లో అసోసియేషన్ పాన్ మీద కనిపించే ఏఐఎస్‌తో (ఏడాది ఆదాయ వివరాల పట్టికతో) సరిపోల్చండి.

పన్నుల దగ్గర రెండు విషయాలు. మెయింటెనెన్స్ ఫ్లాటుకు నెలకు 7,500 దాటి, అసోసియేషన్ ఏడాది రాబడి కూడా 20 లక్షలు దాటితే జీఎస్టీ వర్తిస్తుంది. లిఫ్టు, సెక్యూరిటీ లాంటి కాంట్రాక్టులకు టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టాల్సి ఉందేమో మీ సీఏని అడగండి. అన్నట్టు, సీఏ ఇచ్చిన రిపోర్టు మీద యూడీఐఎన్ ఉండాలి. అది అంకెలు, అక్షరాలు కలిపి 18 ఉండే, ఆ రిపోర్టుకే ప్రత్యేకమైన గుర్తింపు నంబరు. సీఏల సంస్థ ఐసీఏఐ వాళ్ల యూడీఐఎన్ పోర్టల్‌లో కొడితే ఆ నంబరు అసలుదో కాదో తేలిపోతుంది.

రిపోర్టు రాసేటప్పుడు

'అవకతవకలు జరిగాయి' అని రాయకండి. వోచర్ నంబరు, తేదీ, మొత్తం, ఏ ఆధారం దొరకలేదో అంతే రాయండి. బిల్లు పోవడం వేరు, డబ్బు పోవడం వేరు. డ్రాఫ్టును ముందు కమిటీకి ఇచ్చి వారం రోజులు టైమివ్వండి. సగం ప్రశ్నలకు అప్పుడే జవాబులు దొరుకుతాయి. మిగిలినవాటిని వాళ్ల వివరణతో సహా జనరల్ బాడీలో చదివి, ఏది ఎప్పటిలోగా ఎవరు సరిచేయాలో మినిట్స్‌లో రాయించండి. అప్పటిదాకా వాట్సాప్ గ్రూపులో ఒక్క అంకె కూడా పెట్టొద్దు.