బారిటోన్, పియానో: జర్మన్ లీడ్ కచేరీకి ఇద్దరూ సిద్ధమయ్యే తీరు

లీడ్ అంటే జర్మన్ కవితకు కట్టిన పాట. ఒక గొంతు, ఒక పియానో, అంతే. ఇక్కడ ఆ గొంతు బారిటోన్, అంటే మగ గొంతుల్లో మధ్య స్థాయిది. మైకు ఉండదు, ఆర్కెస్ట్రా ఉండదు. మన కచేరీలు వినే అలవాటుతో చూస్తే పియానో పక్కవాద్యంలా కనిపిస్తుంది. నిజానికి పక్కవాద్యకారుడు గాయకుడి మనోధర్మాన్ని అప్పటికప్పుడు అందుకుంటాడు. లీడ్‌లో మాత్రం పియానో వాయించే ప్రతి స్వరాన్నీ స్వరకర్తే రాసిపెట్టాడు, పాటలో సగం అర్థం అక్కడే ఉంటుంది. జర్మన్ స్వరకర్త షూమన్ 1840లో కట్టిన ‘డిష్టర్‌లీబె’ పదహారు పాటల మాల. అందులో గాయకుడి చివరి మాట అయిపోయాక కథను ముగించేది పియానో ఒక్కటే. ఆ సేపంతా గాయకుడు కదలకుండా పాటలోనే నిలబడి ఉండాలి. కాబట్టి కింద చెప్పేవన్నీ ఇద్దరూ కలిసి చేయాల్సిన పనులే.

జోడీ

కచేరీ కచేరీకీ కొత్త పియానిస్టును వెతుక్కునే గాయకుడికి పాటలు వస్తాయి, జోడీ మాత్రం కుదరదు. బారిటోన్ క్రిస్టియన్ గెర్హాహెర్, పియానిస్టు గెరోల్డ్ హూబర్ ఇద్దరూ జర్మనీలో బవేరియాలోని స్ట్రౌబింగ్ ఊరివాళ్లు, 1988 నుంచి కలిసి పనిచేస్తున్నారు. ఒకరు ఊపిరి తీసే తీరు మరొకరికి తెలిసేది అలాంటి సహవాసంలోనే. మొదలుపెట్టేవాళ్లు కనీసం ఆరు నెలలపాటు వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు కూర్చోవాలి. మొదటి నెలలోనే తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది: పారితోషికం సగం సగం, పోస్టరు మీద రెండు పేర్లూ ఒకే సైజులో. ఇంగ్లండ్ పియానిస్టు జెరాల్డ్ మూర్ కాలంలో పియానిస్టు పేరు మూలన చిన్న అక్షరాల్లో పడేది. ఆ పరిస్థితి మారడంలో ఆయన శ్రమ చాలా ఉంది.

శ్రుతి ఎంపిక

ఇక్కడ తొందరపడితే తర్వాతి శ్రమంతా వృథా. మన గాయకుడు తన శ్రుతి తాను ఎంచుకుంటాడు, తంబురా, వయొలిన్, మృదంగం దానికే సరిచేసుకుంటాయి. పియానోకు ఆ వీలు లేదు. శ్రుతి మార్చాలంటే పాటనే వేరే కీలో, అంటే వేరే ఆధార స్వరం మీద, అచ్చయిన ప్రతిలో చూసి వాయించాలి. ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1827లో కట్టిన ‘వింటర్‌రైసె’ ఇరవై నాలుగు పాటలూ పై గొంతుకు రాసినవి, బారిటోన్లు కిందికి దించి పాడతారు. పేటర్స్, బేరెన్‌రైటర్ వంటి ప్రచురణకర్తల దగ్గర పై, మధ్య, కింది గొంతులకు వేర్వేరు ప్రతులు దొరుకుతాయి.

ఏ ప్రతి కొనాలో తేల్చుకోవడానికి అన్నిటికన్నా పై స్వరం ఉన్న పాటను పరీక్షగా పెట్టుకోకండి. ఒక్క పై స్వరం తాజా గొంతుకు ఎలాగూ అందుతుంది. అరగంట పాడాక, మెల్లగా పాడాల్సిన పై చరణాలు నిలుస్తున్నాయో లేదో చూడండి. గొంతు బిగిస్తే ఒక స్వరం దించండి. అదే పనిగా దించుకుంటూ పోయినా ముప్పే: పియానో ఎడమ చేతి స్వరాలన్నీ మందపాటి తీగల దగ్గరికి చేరి శబ్దం బురదలా అవుతుంది. దించిన పాటల్లో, స్వరాలను మోగుతూ నిలిపే పెడల్‌ను తరచుగా మార్చాలి, కింది స్వరాలను తేలిగ్గా తాకాలి.

మాలలోని పాటలన్నిటినీ ఒకే మేరకు దించాలా? ‘డిష్టర్‌లీబె’లో అయితే దించాలనే మా మాట. మొదటి పాట తీరని ప్రశ్నలా, ముగింపు కోరే స్వరాల కలయిక (కార్డ్) మీద ఆగిపోతుంది, రెండో పాట దాన్ని అందుకుని మొదలవుతుంది. ఒకదాన్ని రెండు మెట్లు, మరోదాన్ని మూడు మెట్లు దించితే ఆ లంకె తెగుతుంది. ‘వింటర్‌రైసె’లో కొంత స్వేచ్ఛ ఉంది, ఎందుకంటే షూబర్ట్ రాతప్రతిలోని అయిదు పాటలు అచ్చులో కింది కీలకు మారాయి. చివరి పాట ‘డెర్ లైయర్‌మాన్’ బి మైనర్ నుంచి ఎ మైనర్‌కు దిగింది. ఆ పాటలో ఎడమ చేయి మొదటి నుంచి చివరి దాకా మన తంబురాలో స, ప మోగినట్టు రెండు స్వరాలనే మోగిస్తుంది. ఆ మోత ఎంత చల్లగా వినిపించాలో తేల్చుకున్నాకే దానికి కీ ఎంచుకోండి.

సాహిత్యం

స్వరం ముట్టుకోకముందే కవితను ఇద్దరూ చేత్తో రాసుకోండి. ప్రతి పదం కింద తెలుగు అర్థం రాయండి, వాక్యం భావమొక్కటే రాస్తే చాలదు. ఆ తర్వాత పాట లయలో, రాగం లేకుండా, గట్టిగా చదవండి. పియానిస్టు కూడా చదవాలి. ఏ మాట మీద బరువు పడుతుందో తెలియని వేళ్లు ఆ మాటను మోయలేవు.

తెలుగువాళ్లకు ఉచ్చారణలో కొన్ని చిక్కులు ఎదురవుతాయి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కనుక జర్మన్ పదం చివర తెలియకుండానే ‘ఉ’ చేరుతుంది. పదం చివరి ‘డ్’ జర్మన్‌లో ‘ట్’ అవుతుంది, ‘ఉండ్’ని ‘ఉంట్’ అని అక్కడే తుంచాలి. ట, డ లకు నాలుక వెనక్కి మడవకూడదు, పై పళ్ల చిగురుకు తగలాలి. ‘ఇష్’ అని మనం రాసేది ‘ష’ కాదు: నాలుకను ‘య’ స్థానంలో ఉంచి గాలి ఊదాలి. ‘ఊ’కు పెదవులు గుండ్రంగా పెట్టి, లోపల నాలుకతో ‘ఈ’ అంటే పైన రెండు చుక్కలున్న ‘ü’ అక్షరం ధ్వని వస్తుంది. మనకు కలిసొచ్చేవీ ఉన్నాయి. పాటలో నాలుక ఆడించే ‘ర’ చెల్లుతుంది, హ్రస్వ దీర్ఘాల తేడా మనకు పుట్టుకతోనే తెలుసు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది తాళం మీద ఏది పడాలన్నది. తాళం మీద పడాల్సింది అచ్చు. హల్లులు దానికి ముందే అయిపోవాలి. ‘ష్ట్రాసె’ అనే మాటలో ష్, ట్, ర్ మూడూ దెబ్బకు ముందు, ‘ఆ’ దెబ్బ మీద. పియానిస్టు మొదటి హల్లు వినగానే వాయిస్తే ప్రతి మాటకూ ముందుంటాడు, గాయకుడు ఆలస్యంగా పాడుతున్నట్టు వినిపిస్తుంది. చాలా జోడీలు ‘కలవడం లేదు’ అని బాధపడేది దీనివల్లే. మందు ఒక్కటే: హల్లులు తీసేసి అచ్చులతోనే పాట మొత్తం పాడి కలిపి వాయించండి, ఆ తర్వాత హల్లులను తిరిగి చేర్చండి.

సాధన క్రమం

ఇరవై నాలుగు పాటలకు ఎనిమిది వారాలు చాలు, అయితే వాటి రాగం, భాష అప్పటికే పరిచయమై ఉండాలి. మొదటి రెండు వారాలు ఎవరికి వారు. తర్వాతి నాలుగు వారాల్లో వారానికి ఆరేసి పాటలు. ఊపిరి తీసే చోట్లను రెండు ప్రతుల్లోనూ పెన్సిలుతో ఒకేలా గుర్తించండి. ఏడో వారంలో మొత్తం వరసగా రెండుసార్లు. మాల మొత్తానికి సుమారు డెబ్భై, డెబ్భై అయిదు నిమిషాలు పడుతుంది, అంతసేపు నిలబడి పాడటం వేరే శ్రమ. చివరి పూర్తి సాధన కచేరీకి మూడు రోజుల ముందు పెట్టుకోండి. ఆ తర్వాత గొంతు సగం వాడి గుర్తు చేసుకోవడమే.

పియానిస్టు శరీరాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. షూబర్ట్ ‘ఎర్ల్‌కోనిగ్’లో కుడి చేయి గుర్రపు పరుగులా ఆక్టేవులను (ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి) ఆపకుండా కొడుతుంది. మణికట్టు బిగిస్తే రెండో నిమిషానికే చేయి మొద్దుబారుతుంది. సగం వేగంతో, రోజుకు పది నిమిషాలకు మించకుండా మొదలుపెట్టి, వారానికి కొంచెం చొప్పున వేగం పెంచాలి. నొప్పి వస్తే ఆ రోజుకు ఆపేయాల్సిందే.

హాల్లో

మూర్ తన ఆత్మకథకు ‘నేను మరీ గట్టిగా వాయిస్తున్నానా?’ అనే అర్థం వచ్చే ప్రశ్ననే పేరుగా పెట్టారు. ఆ ప్రశ్నకు చాలామంది పియానో మూత దించి జవాబు చెప్పాలనుకుంటారు. మూత దించితే శబ్దం తగ్గడంతోపాటు స్పష్టత కూడా పోతుంది. బారిటోన్ గొంతు తిరిగే చోటే పియానో ఎడమ చేయి తిరుగుతుంది, మాటలను మింగేసేది అదే. ముందు ఎడమ చేతిని పలచన చేయండి, తర్వాత పెడల్ తగ్గించండి, అప్పటికీ కుదరకపోతేనే చిన్న కర్ర మీద మూత నిలపండి. ఎడమ పెడల్ శబ్దం రంగునే మార్చేస్తుంది, దాన్ని శబ్దం తగ్గించే మీటగా వాడకండి.

గాయకుడు పియానో వంపులో, ఒక అడుగు ముందుకు నిలబడాలి. పియానిస్టుకు అతని భుజం, పక్కటెముకల కదలిక కనిపిస్తే చాలు. హాలు మధ్య వరసలో ఫోన్ పెట్టి రికార్డు చేసి విరామంలో వినండి, వేదిక మీద వినిపించే సమతూకం నమ్మదగింది కాదు. హాలు పియానో మీద రెండు గంటలు, ఆ తర్వాత శ్రుతి సరిచేసే మనిషికి ఒక గంట కావాలని ఒప్పందంలోనే రాయించుకోండి.

శ్రోతలకిచ్చే సాహిత్యం కాగితంలో పుట తిరగడం పాట చివరే జరిగేలా అచ్చు వేయించండి. లేకపోతే అతి మెల్లని చోట హాలంతా కాగితాల గలగల వినిపిస్తుంది. చదవడానికి సరిపడా దీపాలు వెలిగి ఉండాలి.

బతుకుతెరువు

లీడ్ కచేరీలతోనే ఇల్లు గడిచేవాళ్లు చాలా తక్కువ. బారిటోన్‌కు ఒపేరా (పాటలతో సాగే నాటకం), ఒరటోరియో (నటన లేకుండా గాయకులు, బృందం, ఆర్కెస్ట్రా కలిసి పాడే పెద్ద రచన) ఆధారం. పియానిస్టుకు ఒపేరా హౌసుల్లో గాయకులకు పాత్రలు నేర్పే కొలువు, సంగీత కళాశాలల్లో బోధన. జర్మనీ సంగీత విద్యాలయాల్లో లీడ్‌కే ప్రత్యేకమైన మాస్టర్స్ కోర్సు ఉంది, జోడీగా చేరితే మేలు. స్టుట్‌గార్ట్ లీడ్ పోటీలో జోడీలుగానే పోటీపడతారు. 1997లో మొదలైన లండన్ విగ్‌మోర్ హాల్ పోటీలో పియానిస్టుకు వేరే బహుమతి ఉంది. వయోపరిమితి, పాటల జాబితా ప్రతిసారీ మారవచ్చు, దరఖాస్తుకు ముందు ఆ ఏటి నిబంధనలు చదవండి. పంపే వీడియోలో మూడు పాటలు చాలు: ఒకటి మెల్లనిది, ఒకటి కథ చెప్పేది, ఒకటి జర్మన్ కానిది. ఒకే కెమెరా, కత్తిరింపులు లేకుండా, ఇద్దరి ముఖాలూ చేతులూ కనిపించాలి. గాయకుడు చూడకుండా పాడాలి. పియానిస్టు ప్రతి పెట్టుకోవచ్చు.

గొంతు పాడైతే కచేరీ రోజు ఉదయం పదింటికల్లా ఇద్దరూ కలిసి నిర్ణయం చెప్పండి, నిర్వాహకులకు మరో జోడీని పిలిచే సమయం మిగులుతుంది. ఆ రోజు పియానిస్టు పారితోషికం సంగతేమిటన్నది కూడా ముందే ఒప్పందంలో ఉండాలి.