చెవికి తగ్గట్టు ట్యూన్ అయ్యే హెడ్‌ఫోన్స్ కొనేముందు జాగ్రత్తలు

ఈ హెడ్‌ఫోన్స్ ముందు మీ వినికిడిని పరీక్షించి, దానికి తగ్గట్టు ధ్వనిని సర్దుతాయి. హన్మకొండ చౌరస్తాకు పోయి పైసలు కట్టకముందే ఇవి చూసుకోండి.

• చెవిలో గుబిలి ఉందేమో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టొద్దు. గుబిలి అడ్డముంటే వినికిడి తక్కువగా లెక్కకొస్తుంది, హెడ్‌ఫోన్ ఆ తప్పు లెక్కకే ధ్వని పెంచుతుంది.

• బరాత్‌లో డీజే పక్కన నిలబడ్డ మరునాడు పరీక్ష వద్దు. పెద్ద మోతకు చెవి కొంతకాలం మొద్దుబారుతుంది.

• ఆడియోగ్రామ్ (ఏ స్వరం ఎంతవరకు వినబడుతుందో చూపే వినికిడి పటం) తీయించుకోండి. మామూలుగా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా, ఒక్కో చెవికి విడిగా కొలుస్తారు. వయసుతో ముందు తగ్గేది కీచు స్వరాలే. అమ్మానాన్నలకు కొంటుంటే ఇది తప్పనిసరి అంటాను. మన చెవితో వాళ్లకు ఎంపిక చేయలేం.

• కొన్ని హెడ్‌ఫోన్స్ బీప్ వినబడితే నొక్కమంటాయి. డెనాన్ పెర్ల్ ఇయర్‌బడ్స్ లాంటివి లోపలి చెవి తిరిగి పంపే సన్నని ధ్వనిని కొలుస్తాయి. ఏదైనా సరే, ఫ్యాన్ ఆపి, నిశ్శబ్దమైన గదిలో చేయండి. కాజీపేటలో పట్టాల పక్కనే ఇల్లయితే రైలు పోయేదాకా ఆగండి.

• ఈ ట్యూనింగ్ సదుపాయం మీ ఫోన్‌తో పనిచేస్తుందో లేదో షాపులోనే తెరిపించి చూడండి.

• ట్యూనింగ్ ఉన్నప్పుడు, లేనప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టి పోల్చండి. గట్టిగా వినబడేదే బాగుందనిపిస్తుంది, అక్కడే మోసపోతాం.

• ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు: 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే.

• ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే షాపుకు కాదు, ఆ రోజే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గర్లోని ఈఎన్‌టీ దగ్గరికో పోండి.