హిప్నోథెరపీకి వెళ్లాలనుకుంటున్నవారికి

స్టేజి మీద ఉల్లిపాయను యాపిల్ పండనుకుని కొరికే కుర్రవాణ్ణి చూసినవారికి హిప్నాసిస్ అంటే ఎదుటివారి మనసును లాగేసుకునే విద్య అన్న భయం పట్టుకుంటుంది. విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో డాక్టరు గారు మీ ఆందోళనకు హిప్నోథెరపీ, అంటే హిప్నాసిస్‌తో చేసే చికిత్స, ఉపయోగపడవచ్చు అన్నప్పుడు ఆ భయమే ముందుగా అడ్డుపడుతుంది. అయితే ప్రదర్శకుడు ఆట మొదలుపెట్టే ముందు హాల్లో ఉన్నవారందరినీ వేళ్లు పెనవేసుకోమని, ఇక చేతులు విడిపోవని చెప్పి, ఎవరికి నిజంగా విడిపోలేదో వారినే పైకి పిలుస్తాడు. అంటే సూచనలకు అతి తేలికగా స్పందించేవారిని, అదీ నలుగురి ముందు సహకరించడానికి ఇష్టపడి వచ్చినవారిని ఏరుకున్నాకే మనం చూసే వింత జరుగుతుంది.

చికిత్సలో జరిగేది వేరు. హిప్నాసిస్ నిద్ర కాదు, స్పృహ తప్పడమూ కాదు. చుట్టుపక్కల విషయాల మీద ధ్యాస తగ్గి, ఒక ఊహ మీద మనసు పూర్తిగా లగ్నమై, చెప్పిన సూచనకు శరీరమూ ఆలోచనా మామూలుకన్నా సులువుగా స్పందించే స్థితి అది. పద్దెనిమిదో శతాబ్దంలో మెస్మర్ అనే వైద్యుడు తన నుంచి అయస్కాంత శక్తి రోగులలోకి ప్రవహిస్తుందని చెప్పుకునేవాడు. 1784లో ఫ్రాన్స్ రాజు నియమించిన సంఘం, బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోయిజర్ వంటి శాస్త్రవేత్తలు సభ్యులుగా, పరీక్షలు జరిపి అలాంటి శక్తి ఏదీ లేదని, పనిచేస్తున్నది రోగి ఊహేనని తేల్చింది. ఆ తీర్పుతో మెస్మర్ ప్రతిష్ఠ పోయింది గానీ, నా దృష్టిలో నేటి హిప్నోథెరపీకి అసలైన పునాది అదే. ఈ స్పందించే గుణం అందరిలో ఒకేలా ఉండదు. కొద్దిమందిలో చాలా ఎక్కువ, కొద్దిమందిలో చాలా తక్కువ, మిగతా అందరిలో మధ్యస్థం. దానికీ మనోబలానికీ సంబంధం లేదు.

నొప్పిని తట్టుకోవడానికి, ఆపరేషన్‌కు ముందు ఆందోళన తగ్గడానికి, ఒత్తిడితో ముడిపడిన కడుపునొప్పి, విరేచనాల సమస్య అయిన ఐబీఎస్‌కు ఇది ఉపయోగపడుతుందని చెప్పడానికి మంచి ఆధారాలున్నాయి. సిగరెట్ మాన్పించడంలో మిగతా పద్ధతులకన్నా మెరుగని చెప్పేంత ఆధారాలు లేవు, కాబట్టి ఒక్క సిట్టింగ్‌తో మాన్పిస్తామనేవారిని నమ్మకండి. మరచిపోయిన జ్ఞాపకాలను, పూర్వజన్మను తవ్వి తీస్తామనేవారికి మరీ దూరంగా ఉండండి. ఆ స్థితిలో మనసు కల్పించుకున్న దృశ్యం కూడా నిజంగా జరిగినట్టే అనిపిస్తుంది. అలా పుట్టిన అబద్ధపు జ్ఞాపకం వల్ల అన్నదమ్ములు విడిపోవచ్చు, నిర్దోషి మీద నింద పడవచ్చు.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. కొద్దిరోజుల కోర్సు సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించి గోడకు తగిలించినంత మాత్రాన ఎవరూ చికిత్సకులు కారు. సైకియాట్రిస్టు గానీ, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు గానీ అయి, దానిపైన హిప్నోథెరపీలో శిక్షణ పొందినవారిని ఎంచుకోండి. రిజిస్ట్రేషన్ నంబరు అడగడం అమర్యాద కాదు. తలనొప్పో గుండెదడో ఉంటే ముందు ఫిజీషియన్‌కు చూపించుకోండి. ఆడపిల్లలను, పిల్లలను తీసుకువెళ్లినప్పుడు ఇంట్లోవారు గదిలో కూర్చుంటామంటే కాదనేవారైతే లేచి వచ్చేయండి.

వెళ్లేముందు మీకు కావలసిన మార్పును ఒక కాగితం మీద రాసుకోండి. హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే అమ్మాయి "పరీక్షల భయం పోవాలి" అని రాస్తే థెరపిస్టుకు పట్టు దొరకదు. "ప్రశ్నపత్రం చేతికి వచ్చిన మొదటి ఐదు నిమిషాల్లో అరచేతులు చెమటలు పట్టి, చదివింది గుర్తుకు రావడం లేదు" అని రాస్తే దొరుకుతుంది. సిట్టింగ్‌లో ఆ అమ్మాయిని గోడ మీద ఒక చుక్కను చూస్తూ నెమ్మదిగా ఊపిరి వదలమంటారు. రెప్పలు బరువెక్కి మూతపడ్డాక, ఆమెకు ఇష్టమైన చోటును, విజయవాడ పున్నమి ఘాట్ మెట్లు అనుకుందాం, కృష్ణానది మీది గాలితో సహా ఊహించుకోమంటారు. నీళ్లంటే భయపడేవారికి ఈ ఊహే బెడిసికొడుతుంది కనుక మంచి థెరపిస్టు ఆ చోటును మీ నోటి నుంచే చెప్పిస్తారు. ఒళ్లు వదులయ్యాక పరీక్ష హాలు ఊహలోకి వస్తుంది: చేతిలో కాగితం, పక్క బల్ల చప్పుడు, బొటనవేలినీ చూపుడువేలినీ కలిపి నొక్కుతూ వదిలే పొడవైన ఊపిరి, ఆపైన మొదటి ప్రశ్న. ఈ వరుసను మళ్లీ మళ్లీ నడిపించి, ఐదు అంకెలు లెక్కించి కళ్లు తెరిపిస్తారు. మధ్యలో ఇబ్బందిగా ఉంటే ఆమె తానే కళ్లు తెరవగలదు, ఆపమనగలదు.

ఫలితం నిలబడేది ఇంటి సాధనతోనే. రోజూ ఒకే వేళకు, ఫోను పక్కన పెట్టి, నడుము నిటారుగా ఆనుకునేలా కుర్చీలో కూర్చుని పది పదిహేను నిమిషాలు అదే వరుసను నడపండి. సూచన చిన్నదిగా, వర్తమానంలో, చేయబోయే పనిని చెప్పేదిగా ఉండాలి. "నేను భయపడను" అన్నప్పుడు మనసు భయం చుట్టూనే తిరుగుతుంది. "ఊపిరి వదిలి మొదటి ప్రశ్న చదువుతున్నాను" అన్నప్పుడు చేయవలసిన పని మీద నిలుస్తుంది. రికార్డు చేసుకున్న మాటలను బండి నడుపుతూ ఎన్నడూ వినకండి.

లేని గొంతులు వినబడటం, అకారణమైన అనుమానాలు వంటి లక్షణాలున్నవారికి ఇది తగదు, వారికి సైకియాట్రిస్టు చికిత్సే కావాలి. మూర్ఛవ్యాధి ఉంటే ముందే చెప్పాలి. వాడుతున్న మందులను ఎవరు చెప్పినా సొంతంగా ఆపకూడదు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే సిట్టింగ్ తేదీ కోసం ఎదురుచూడకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి, లేదా ప్రభుత్వ జనరల్ ఆస్పత్రికి వెళ్లండి. నాలుగైదు సిట్టింగులయ్యాక కూడా కాగితం మీద రాసుకున్న ఇబ్బందిలో తేడా కనబడకపోతే, కొత్త ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఆ కాగితం తీసుకుని మొదట పంపిన డాక్టరు గారి దగ్గరికే వెళ్లి, వేరే చికిత్స గురించి అడగండి.