సీపీఈ సర్జరీ: వదులయ్యే కట్టు నాకు ఎలా కుదిరిందంటే

అమెరికాలో పశువైద్యం చేయాలనుకునే విదేశీ పట్టభద్రులకు అర్హత ధ్రువీకరణ ఇచ్చే కార్యక్రమమైన ఈసీఎఫ్‌వీజీలో చివరి మెట్టు సీపీఈ అనే ప్రాక్టికల్ పరీక్ష. దాని ఏడు విభాగాల్లో నాకు సర్జరీ ఒక్కటే మిగిలిపోయింది. ఆడకుక్కకు గర్భాశయం, అండాశయాలు తొలగించాలి. అండాశయ కాడకు (అండాశయానికి రక్తనాళాలు వచ్చే భాగం) నేను వేసిన కట్టు వదులై రక్తం ఊరేది.

వీడియోలు చూశాను, దారం మార్చాను, వేగం పెంచాను, ఏదీ కలిసిరాలేదు.

లోపమంతా క్లాంపు (రక్తనాళాలను నొక్కి పట్టే పరికరం) తీసే క్షణంలో ఉంది. ఈసారి ముందుగా అండాశయాన్ని లోపల పట్టి ఉంచే సస్పెన్సరీ లిగమెంటును వేలితో నెమ్మదిగా సాగదీసి తెంపి, అండాశయాన్ని బాగా పైకి తెచ్చుకున్నాను. ఇక్కడ మొహమాటపడితే లోతులో ముడి బిగియదు. తర్వాత కాడపై మూడు క్లాంపులు పెట్టాను. శరీరానికి దగ్గరగా ఉన్నదాని చోట దారం చుట్టి, మొదటి ముడి బిగిస్తుండగానే ఆ క్లాంపు వదిలించాను. నలిగిన గాడిలోకి దారం దిగిపోవడం వేలికి స్పష్టంగా తెలుస్తుంది. ఇంతకుముందు ముడి పూర్తయ్యాకే క్లాంపు తీసేవాణ్ని! మిగిలిన రెండు క్లాంపుల మధ్య కోశాక, కాడ అంచును పట్టకారు లాంటి ఫోర్సెప్స్‌తో పట్టుకుని, క్లాంపు వదిలి, రక్తం లేదని చూసుకున్నాకే లోపలికి జారనిచ్చాను.

చుట్టిన తడి గుడ్డ మీద రోజూ ఇదే సాధన చేశాను. చేతికి అలవాటు పడింది అక్కడే.

కొవ్వు ఎక్కువున్న కుక్కకు ఒక్క కట్టు చాలుతుందని నేను చెప్పలేను, రెండోది వేస్తాను. శుభ్రత నియమాల దగ్గర మార్కులు పోతున్నవారికి మాత్రం ఇది ఉపయోగపడదు.