బెంచ్ మీద నుంచి రివాల్వర్ గురి కుదరాలంటే ఎలా?

ఇసుక సంచి మీద పెట్టేస్తే రివాల్వర్ దానంతటదే గురి తప్పదని చాలామంది నమ్మకం. బారెల్‌ని సంచికి ఆనించి కాలుస్తారు, గుళ్లు చెల్లాచెదురుగా పడితే తుపాకీని తిడతారు. చాలాసార్లు లోపం తుపాకీలో ఉండదు, ఆనించిన తీరులోనే ఉంటుంది.

1. సామాను: కదలని బల్ల, రెండు మూడు ఇసుక సంచులు, ఒకే రకం తూటాలు. కళ్లకు అద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. తుపాకీని బిగించే యంత్రాలు వద్దు. వాటితో తేలేది తుపాకీ సత్తా, మీ చేతి సత్తా కాదు. టార్గెట్ 25 మీటర్ల దూరంలో ఉంటే చాలు.

2. కూర్చోవడం: పాదాలు రెండూ నేలకు ఆనాలి. సైట్ల (బారెల్ మీద ముందూ వెనకా ఉండే, గురి చూసే గుర్తులు) కోసం మెడ వంచాల్సి వస్తుంటే ఇంకో సంచి వేసి ఎత్తు పెంచండి.

3. ఆనించడం: అందరూ చెడగొట్టేది ఇక్కడే.

గుండు బారెల్ దాటకముందే రివాల్వర్ పైకి లేవడం మొదలవుతుంది. ఆ లేవడం ప్రతిసారీ ఒకేలా ఉంటేనే గుళ్లు దగ్గర దగ్గరగా పడతాయి. అందుకే బారెల్ దేనికీ తగలకూడదు. గ్రిప్ (చేతితో పట్టుకునే పిడి) అడుగుభాగాన్ని గట్టి బల్లకు ఆనించేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే తుపాకీ ఎగిరి గుండు పైకి పోతుంది. సంచి మీద ఉండాల్సినవి మీ ముంజేతులు, మణికట్లు. తుపాకీ మాత్రం చేతుల్లోనే ఉండాలి.

ఇంకో మాట, ఇది ప్రాణం పెట్టి చెబుతున్నాను. తూటాలు పెట్టే, గుండ్రంగా తిరిగే సిలిండర్‌కీ బారెల్‌కీ మధ్య సన్నని సందు ఉంటుంది. కాల్చిన ప్రతిసారీ అందులోంచి మండే వాయువు, సీసపు తునకలు పక్కలకు చిమ్ముతాయి. రైఫిల్ అలవాటున్నవాళ్లు రెండో చెయ్యి ముందుకు చాచి సరిగ్గా అక్కడే పట్టుకుంటారు. వేలు తెగిపోయే ప్రమాదం ఉంది. రెండు చేతులూ సిలిండర్ వెనకే ఉండాలి. సంచి కూడా ఆ సందు పక్కన ఉండకూడదు.

పట్టు బిగువు మొదటి గుండుకు ఎంతో ఆరో గుండుకూ అంతే. పిడికిలి వణికేలా బిగించమనే సలహా వినకండి. హ్యామర్‌ని (తుపాకీ వెనక ఉండే, తూటాను పేల్చే మీట) రెండో చేతి బొటనవేలితో లాగండి, అసలు పట్టు చెదరదు.

4. సైట్లు: చూపు ముందు సైట్ మీదే నిలపండి, టార్గెట్ మసకగా కనిపించినా పర్వాలేదు. రెండు సైట్ల మధ్య దూరం 15 సెంటీమీటర్లు అనుకుంటే, ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా 25 మీటర్ల దగ్గర గుండు దాదాపు 17 సెంటీమీటర్లు తప్పుతుంది.

5. ట్రిగ్గర్: బెంచ్ మీద సింగిల్ యాక్షనే వాడాలి, అంటే ముందు హ్యామర్‌ని చేత్తో లాగి ఆ తర్వాతే ట్రిగ్గర్ నొక్కాలి. తిన్నగా, నెమ్మదిగా వెనక్కి నొక్కండి. సిలిండర్‌లో మధ్యమధ్య ఖాళీ తొడుగులు పెట్టి చూడండి. ఖాళీది వచ్చినప్పుడు బారెల్ మూతి కిందికి దిగిందంటే, మీరు పేలుడుకు ముందే ఉలిక్కిపడుతున్నారన్నమాట.

6. అరలు: తుపాకీ ఖాళీగా ఉన్నప్పుడు సిలిండర్‌లోని ప్రతి అరకూ (ఒక్కో తూటా పెట్టే గది) మార్కర్‌తో అంకె వేయండి. ఏ గుండు ఏ అరలోంచి వచ్చిందో రాసుకోండి. ప్రతి గ్రూపులోనూ (ఒక విడతలో కాల్చిన గుళ్ల గుంపు) ఒకే అర గుండు దూరంగా పడుతుంటే లోపం ఆ అరదే. అలా కాకుండా గ్రూపు మొత్తం ఒక పక్కకు చేరితే అప్పుడు వెనక సైట్ తిప్పండి. గుండు ఎటు జరగాలో సైట్‌నీ అటే జరపాలి.